సారెకు పోయిన పండుగప్ప

డార్విన్‌కు వచ్చిన మొదటి ఏడాదే నేను మీటరు ముప్పై సెంటీమీటర్ల పండుగప్పను పట్టాను. ఇక్కడ దాన్ని బారమండి అంటారు. పేరు వేరు, చేప అదే. నది ఒడ్డున దానికీ నాకూ గంటన్నర సేపు లాగుడు జరిగింది. అవతలి గట్టు మీద ఒక మొసలి నోరు తెరుచుకుని, ఇద్దరిలో ఎవరు గెలుస్తారా అని చూస్తూ కూర్చుంది. చివరికి చేపే అలిసిపోయి నా కాళ్ల దగ్గరికి వచ్చి పడుకుంది.

ఈ కథను ముప్పై ఏళ్లలో కొన్ని వేల మందికి చెప్పాను. ఒక్కరూ కాదనలేదు. ఎందుకు కాదనలేదో కూడా చెప్పడం ధర్మం. నేను మత్తు డాక్టర్ని. ఆపరేషన్ బల్ల మీద పడుకున్న మనిషికి సూది మందు ఇస్తూ, భయం తెలియకుండా ఏదో ఒకటి మాట్లాడాలి. నేను చేప కథ ఎత్తుకునేవాణ్ణి. గాలం విసిరే దగ్గర మొదలుపెడితే, చేప దాన్ని అందుకునేలోపే మనిషి నిద్రపోయేవాడు. నర్సులు మెలకువగానే ఉండేవాళ్లు గానీ, వాళ్లు ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే నన్ను వినడం మానేసేవాళ్లు. అలా నా కథను చివరిదాకా విన్న మనిషి లేకుండానే రిటైరయ్యాను.

అసలు సంగతేమిటంటే, ఆ చేపను పట్టింది మా పక్కింటాయన. నేను పక్కన చేతివల పట్టుకుని నిలబడ్డాను. టేపు పెట్టి కొలిస్తే చట్టం అడిగే పొడుగుకు రెండు వేళ్లు తక్కువ వచ్చింది. తిరిగి నీళ్లలో వదిలేశాం.

మాది అనంతపురం జిల్లా. మా ఊరికి తాగే నీళ్లే ట్యాంకరులో వచ్చేవి. మెడిసిన్ చదవడానికి వెళ్లేదాకా నాకు తెలిసిన చేపలు రెండే రకాలు, బజార్లో ఐసు పైన ఉండేవి, ఐసు కింద ఉండేవి. అలాంటివాడు చుట్టూ సముద్రం, వెనక నదులు ఉన్న ఊరికి వచ్చిపడితే నోరు ఊరుకుంటుందా. ఒక అల్యూమినియం పడవ కూడా కొన్నాను. అది ఎక్కువ కాలం మా పెరట్లో ట్రైలర్ మీదే ఉంది. సాలీళ్లకు మాత్రం బాగా అచ్చొచ్చింది.

మెలకువగా ఉండి నా కథను చివరిదాకా విన్న మొదటి మనిషి మా వియ్యంకుడు. ఆయన కొల్లేటి పక్కన ఇరవై ఏళ్లు చేపల చెరువులు సాగు చేశారు. ఇప్పుడు ఆ చెరువులను కౌలుకిచ్చి, మెల్‌బోర్న్‌లో పాయింట్ కుక్‌లో కొడుకు దగ్గర ఉంటున్నారు. ఆ కొడుక్కే మా అమ్మాయిని ఇచ్చాం. నిశ్చితార్థం రోజు ఆయన నా పక్కన కూర్చుని, డార్విన్ అంటే పండుగప్పలకు పుట్టిల్లంట కదండీ అన్నారు. అంతే, నేను గాలం విసిరాను. ఆయన కళ్లార్పకుండా మొత్తం విన్నారు. మొసలి దాకా విన్నారు. విని ఒకే ఒక్క ప్రశ్న వేశారు.

"ఎర ఏం గుచ్చారండీ బావగారూ?"

ముప్పై ఏళ్లలో ఎవరూ అడగని ప్రశ్న అది. తోచింది చెప్పేశాను, గోధుమపిండి ముద్ద అని. ఆయన తల పంకించి ఓహో అన్నారు. పండుగప్ప బతికిన చేపను మింగి బతికే చేప అనీ, పిండి ముద్దను తల తిప్పి కూడా చూడదనీ నాకు చాలా కాలం తర్వాత తెలిసింది.

పెళ్లయిన మొదటి ఆషాఢం వచ్చింది. మా అమ్మాయి పుట్టింది డార్విన్‌లో, పెరిగింది డార్విన్‌లో. తెలుగు అంతా అర్థమవుతుంది గానీ సగం ఇంగ్లీషులో జవాబిస్తుంది. అయినా అత్తగారు చెప్పారని ఆఫీసుకు సెలవు పెట్టి, ఆషాఢానికి పుట్టింటికి వచ్చింది. తిరిగి వెళ్లేటప్పుడు మేము సారె పంపాలి. మా వైపు సారె అంటే చలిమిడి, లడ్లు, చీర. వాళ్ల వైపు వాటితో పాటు పండుగప్ప కూడా వెళ్లాలి. అది ఎంత పెద్దదయితే పిల్ల పుట్టింటికి అంత మర్యాద. వియ్యంకుడు నోరు తెరిచి అడగలేదు. మీ ఊరి చేప ఎలా ఉంటుందో మావాళ్లంతా చూస్తామంటున్నారండీ అని మాత్రం ఫోన్‌లో అన్నారు.

నాలుగు రోజులు వరసగా గాలం పట్టుకుని జెట్టీకి వెళ్లాను. జెల్లలు పడ్డాయి. మీసాలున్న ఆ జెల్లలను ఈ ఊరివాళ్లు ఎవరూ ఇంటికి తీసుకుపోరు. గాలానికి జెల్ల పడితే పక్కవాళ్లు జాలిగా చూస్తారు. ముప్పై ఏళ్లుగా నాకు పడినవన్నీ జెల్లలే. ఎవరూ చూడకముందే విడిపించి నీళ్లలోకి విసరడంలో నా అంత వేగం ఎవరికీ లేదు. ఈ మాటలో అతిశయోక్తి లేదు.

అయిదో రోజు చేపల కొట్టుకు వెళ్లాను. ఆ రోజు నది పండుగప్ప ముక్కలుగానే ఉంది. నిలువు చేప కావాలంటే ఊరి బయట చెరువుల్లో పెంచినదే ఉందన్నాడు కొట్టతను. మూడు కేజీలకు కొంచెం పైన. పొట్ట శుభ్రం చేయించి, ఫ్రీజర్లో పెట్టి, ఎస్కీ అని ఇక్కడ పిలిచే ఐసు పెట్టెలో సర్దాను. ఈ ఊరి విమానాల్లో సూట్‌కేసుల కంటే చేపల పెట్టెలే ఎక్కువ ప్రయాణం చేస్తాయి కాబట్టి దాన్నెవరూ వింతగా చూడరు.

విమానాశ్రయంలో అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది.

"నాన్నా, కొన్నామని చెప్పండి. దే వోంట్ మైండ్. నేను ఆ ఇంట్లో ఉండాలి, సో ప్లీజ్, నో స్టోరీస్."

మాట ఇచ్చాను. నా భార్య సాక్షి. ఇచ్చిన మాటను నేను మర్నాడు మధ్యాహ్నం దాకా, అంటే ఫోన్ మోగేదాకా నిలబెట్టుకున్నాను.

ఆ రోజు వాళ్లింట్లో సారె భోజనం. నలుగురు చుట్టాలను, వీధిలో ఉన్న మన తెలుగు కుటుంబాలను పిలిచారు. అందరూ తిన్నాక ఫోన్‌ను స్పీకర్లో పెట్టి, మాట్లాడండి అన్నారు. ఎవరో కుర్రాడి గొంతు, చేప అదిరింది అంకుల్, కొన్నారా పట్టారా అంది. అవతల ఇరవై మంది మెలకువగా ఉన్నారు. ఒక్కడికీ మత్తు ఇవ్వలేదు. ఇలాంటి అవకాశం నాకు జీవితంలో ఎన్నడూ రాలేదు.

పట్టాను అన్నాను. నది పేరు కూడా చెప్పాను. నా భార్య వంటగదిలోంచి గరిటెతో సహా వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆ చూపు తెలుసు గానీ అప్పటికే ఆలస్యమైంది. అటువైపు వియ్యపురాలు, చేప పొట్ట ఖాళీగా ఉంది, జన లేదా అన్నయ్యగారూ అని అడిగారు. చేప గుడ్లను వాళ్ల వైపు జన అంటారు. దానికోసం ఇంట్లో తగవులు పడతారట. నేను ఆగలేదు.

"ఎందుకు లేదు చెల్లెమ్మా. రెండు గుప్పెళ్ల జన. దారిలో చెడిపోతుందని మేమే వేయించుకుని తినేశాం."

 అటువైపు ఎవరో మా అమ్మాయిని అడుగుతున్నట్టు వినిపించింది, మీ నాన్న పట్టడం నువ్వు కూడా చూశావా అని. ఆమె గొంతు వినబడలేదు. అంతలో వియ్యంకుడి గొంతు వచ్చింది. నది చేపేనండీ, ఆ మెరుపు చూస్తే తెలియట్లా అన్నారు. అందరూ అవునవును అన్నారు. నేను ఫోన్ పెట్టేసి నా భార్య వైపు గర్వంగా చూశాను. ఆమె గరిటెతో సహా తిరిగి వంటగదిలోకి వెళ్లిపోయింది. ఆ పూట నాకు నేనే వడ్డించుకున్నాను.

మర్నాడు పొద్దున అమ్మాయి ఫోన్ చేసింది. కోపంగా మాట్లాడి ఉంటే నాకు ఏదో ఒక జవాబు దొరికేది. ఆమె మెల్లగా మాట్లాడింది.

"అందరూ నా వైపే చూశారు నాన్నా. ఐ జస్ట్ నాడెడ్. తల ఊపేశాను. ఆ ఇంట్లో నేను చెప్పిన ఫస్ట్ లై అది. ఓవర్ ఎ ఫిష్."

చిన్నప్పుడు మా అమ్మాయి స్కూల్లో గాజు పగలగొట్టి, ఎవరూ అడక్కముందే వెళ్లి నేనే అని చెప్పి వచ్చిన పిల్ల. ఆ పిల్ల చేత నేను తల ఊపించాను. వియ్యంకుడికి ఫోన్ చేసి నిజం చెప్పేస్తానన్నాను. చెప్పలేదు. వారం ఆగాను, నెల ఆగాను. ఆయన మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా, వచ్చే డ్రై సీజన్‌కి మేం వస్తాం, ఆ చోటు నాకు చూపించాలి బావగారూ అనేవారు. ఆయనకు మతిమరుపు రావాలని కోరుకున్నాను. డాక్టర్ని, అలా కోరుకోకూడదు.

వర్షాలు పోయి ఎండలు తేలికయ్యాక వియ్యంకుడూ వియ్యపురాలూ దిగారు. అంతకుముందు రోజే అమ్మాయి నుంచి ఆఖరి మాట వచ్చింది. ఆయన పడవ ఎక్కేలోపు మీరు చెప్పాలి, లేకపోతే నేనే చెప్తాను, అప్పుడు ఆ ఇంట్లో అబద్ధాలకోరు నేనవుతాను, మీరు కాదు అంది. ఇంకేం మిగిలింది, చెప్తానని మాట ఇచ్చాను.

వచ్చిన రోజు ఆయన్ను చేపల కొట్టుకు తీసుకెళ్లాను. అద్దాల వెనక ఉన్న చేపలను చూసి, పరాయి ఊళ్లో చుట్టాలు కనబడ్డట్టు పలకరించారు. ఇది మాగ, ఇది గొరక, అవి మండపీతలు అంటూ ఒక్కొక్కదాన్నీ పేరుపేరునా పిలిచారు. మెల్‌బోర్న్‌లో వాళ్లింటి దగ్గర నదిలో బంగారు తీగ చేప ఉందట. ఇక్కడివాళ్లకు అది చీడ, పడితే తిరిగి నీళ్లలో వదలకూడదు. నేను బిడ్డల్లా పెంచిన చేపండీ, దాన్ని ఇక్కడ బొద్దింకను చూసినట్టు చూస్తారు అని బాధపడ్డారు. చెరువు పండుగప్పల వరస దగ్గరకు వచ్చేసరికి మాత్రం ఏమీ అనలేదు. ఒకదాని తోకను కాసేపు చూసి నడిచారు. నా చొక్కా వీపుకు అంటుకుంది.

మర్నాడు పొద్దున్నే ఆయనా నేనూ పడవను కారుకు తగిలించుకుని బయలుదేరాం. ఆడవాళ్లిద్దరూ మార్కెట్‌కు వెళ్లారు. ఇడ్లీలు తింటున్నప్పుడు చెబుదామనుకున్నాను. చట్నీ బాగుందన్నారు, ఆగిపోయాను. కార్లో గంటన్నర దారి. సగం దారిలో గుండె చిక్కబట్టుకుని మొదలుపెట్టాను.

"బావగారూ, ఆ చేప ఉంది చూడండి. నేను చెప్పినట్టు మీటరు ముప్పై కాదు."

"మరెంతండీ?"

"మీటరు ముప్పై అయిదు."

ఆయన ఓహో అన్నారు. నా నోటిని నేను చెంపదెబ్బ కొట్టలేను, స్టీరింగు పట్టుకుని ఉన్నాను.

నది దగ్గర పడవలు దించే సిమెంటు వాలు ఉంది. పక్కనే మొసళ్ల హెచ్చరిక బోర్డు. ఆ బోర్డు చూపించి నా పాత మొసలిని తలచుకుని ఆయనకు ఇంకో రెండు ముక్కలు చెప్పాను. ట్రైలర్‌ను వెనక్కి నడిపి పడవను దించాను. ముందు ఆయన ఎక్కారు, తర్వాత నేను. ఎక్కేలోపు చెప్పాలన్న మాట అక్కడితో తప్పింది. ఇరవై ముప్పై మీటర్లు వెళ్లాక ఆయన కాళ్ల కేసి చూసుకున్నారు.

"బావగారూ, నా చెప్పులు తేలుతున్నాయండీ. ఇది మామూలేనా?"

ఇలాంటి పడవలకు వెనక అడుగున వేలు పట్టేంత రంధ్రం ఉంటుంది, కడిగిన నీళ్లు పోవడానికి. నీళ్లలో దించేముందు దానికి బిరడా బిగించాలి. అది మా ఇంట్లో, వంటగది అల్మరాలో, చాకుల డబ్బాలో ఉంది. పోకుండా నేనే జాగ్రత్తగా దాచాను.

ఇంజన్ తిప్పి వాలు వైపు మళ్లించాను. నీళ్లు చీలమండలు దాటాయి. అవతలి గట్టున నల్లగా, పొడుగ్గా ఏదో కదిలింది. ముప్పై ఏళ్లుగా నేను అబద్ధమాడిన మొసలి నిజంగా వచ్చి కూర్చుందనుకున్నాను. అంత దగ్గరగా చావు కనబడితే మనిషి ఏం చేస్తాడు. నేను ఇంజన్ హోరు మీద కేకేసి చెప్పాను, చేప కొన్నదే, చెరువుదే, నేను పట్టలేదు, జన లేదు, అమ్మాయి తప్పు లేదు, తప్పంతా నాది అని. అన్నీ ఒక ఊపిరిలో.

ఆయన టోపీతో నీళ్లు తోడుతున్నారు. తల ఎత్తలేదు.

"తెలుసండీ. ముందు గట్టుకు పోనివ్వండి."

వాలు మీదికి పడవను లాగి, రంధ్రంలోంచి నీళ్లు ధారగా పోతుంటే, ఇద్దరం తడిసిన పంచెలతో కూర్చున్నాం. పంచెలు కాదులెండి, నిక్కర్లు. అప్పుడు ఆయన తీరిగ్గా చెప్పారు.

"పండుగప్ప పుట్టడం మగదిగానే పుడుద్దండీ. బాగా బలిసి, ఆరేడు కేజీలు దాటాకే ఆడదయ్యేది. మీ మూడు కేజీల కుర్రాడి పొట్టలో రెండు గుప్పెళ్ల జన ఎక్కణ్ణుంచి వచ్చుద్ది? మా ఆవిడకి కూడా తెలుసు. వేళాకోళానికి అడిగింది. మీరు ఉందన్నారు."

నేను తల వంచుకున్నాను. ఆయన ఆగలేదు. ఆ చేప తోక అంచు చెరువులో తోటి చేపలతో రాసుకుని అరిగిపోయి ఉందట, ఒంటి రంగు మేత రంగట. ఇరవై ఏళ్లు పెంచిన బిడ్డ మొహం గుర్తుపట్టనాండీ అన్నారు.

మరి ఆ రోజు అందరి ముందూ నది చేపే అన్నారెందుకని అడిగాను.

"కోడలు తలూపింది కదండీ. ఆ పిల్ల మొహం నేను చూశాను. ఇంట్లోకి వచ్చి ఏడాది కాలేదు, ఇరవై మంది ముందు తండ్రిని నిలబెట్టడానికి తలూపింది. నేను కాదంటే ఎవరి పరువు పోద్ది? మీదేం పోదు, మీరు మూడు వేల కిలోమీటర్ల అవతల ఉన్నారు. అందుకని నేనూ ఒక అబద్ధం వేశాను. మీ అంత బాగా రాదు నాకు."

ఏడాది పాటు ఆయన నన్ను వస్తాం చూపించండి అన్నది ఆ చోటు కోసం కాదు. నా అంతట నేను చెప్తానేమోనని చూశారట. ఇంత నీళ్లు కావాల్సి వస్తాయని అనుకోలేదన్నారు.

కారు డిక్కీలో ఒక నల్లటేపు చుట్ట, పాత రబ్బరు చెప్పు దొరికాయి. ఆయన చెప్పును కోసి బిరడా చేసి బిగించారు. ఈసారి గట్టుకు దగ్గరగానే ఉన్నాం. గంటలో నా గాలానికి బరువు తగిలింది. పైకి లాగితే మీసాలు. అలవాటు కొద్దీ విడిపించి విసరబోతే ఆయన నా మణికట్టు పట్టుకున్నారు. దీన్ని ఇక్కడ ఎవరూ తినరన్నాను.

"ఎవరూ అంటే ఎవరండీ? ఎన్నాళ్లుగా విసురుతున్నారు?"

ముప్పై ఏళ్లని చెప్పాను. చెరువుకు గండి పడి చేపలన్నీ పోయినట్టు చూశారు నా వైపు. ముళ్లకు వెనగ్గా పట్టుకుని, ఆ జెల్లను ఎంతో మర్యాదగా ఐసు పెట్టెలో పడుకోబెట్టారు. తర్వాత తీరిగ్గా నన్ను మాటతో ఒక పోటు పొడిచారు. జెల్లల్లో గుడ్లను మగది నోట్లో పెట్టుకుని మోస్తుందట. పిల్లలు బయటికి వచ్చేదాకా మేత ముట్టదు, నోరు మెదపదు.

"ఆడపిల్ల తండ్రంటే అట్టా ఉండాలండీ బావగారూ."



నది దగ్గర సిగ్నల్ లేదు. రోడ్డెక్కాక ఆయనే అమ్మాయికి ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టారు. మీ నాన్నగారు చెప్పేశారమ్మా, నాకు ఆ రోజే తెలుసు అన్నారు.  మావయ్యగారూ, యూ న్యూ, అంది సన్నగా. ఇంతకాలం మోసిందాన్ని కింద పెట్టిన మనిషి గొంతు అది. ఆపరేషన్ తర్వాత కళ్లు తెరిచినవాళ్ల దగ్గర విన్నాను ఆ గొంతు.

"తెలుసమ్మా. ఇక మన ఇంట్లో నువ్వు ఎవరి కోసమూ తలూపక్కర్లేదు."

ఆమె ముక్కు ఎగపీల్చడం వినబడింది. అంతలోనే నా మీదికి తిరిగింది. పడవ ఎక్కేముందే చెప్పారు కదా నాన్నా, ప్రామిస్ చేశారు అంది. అవునమ్మా అనడానికి నోరు తయారుగా ఉంది. వియ్యంకుడు కిటికీలోంచి చెట్లు చూస్తున్నారు. ఈసారి కూడా నన్ను నిలబెట్టడానికి సిద్ధంగానే ఉన్నారని తెలుసు.

"లేదమ్మా. ఎక్కాక, మునుగుతుంటే చెప్పాను."

"మునుగుతుంటేనా?"

"చీలమండల దాకా" అన్నాను.

అప్పుడు నవ్వింది. ఏడాది తర్వాత నాతో నవ్వడం అదే.

ఆ సాయంత్రం ఆయనే జెల్ల పులుసు పెట్టారు. తోటలోంచి నా భార్య కరివేపాకు తెచ్చిచ్చింది. ముప్పై ఏళ్లుగా నేను నీళ్లలోకి విసిరిన రుచి అది. మూడుసార్లు వేసుకున్నాను.

వాళ్లు తిరిగి వెళ్లేటప్పుడు ఐసు పెట్టెలో జెల్లలు సర్ది పంపాను. రెండో ఏడు సారె పంపాలని ఏ ఆచారంలోనూ లేదు, నేను పంపాను. అందులో పది జెల్లలు, అన్నీ నేనే పట్టాను. ఆరు. సరే, నాలుగు నేను పట్టినవి, రెండు బావగారివి. ఆయన్ను అడిగితే మూడూ మూడూ అంటారు. అవతలి గట్టున కదిలింది కూడా మొసలి కాదు, దుంగ అంటారు. మూడూ మూడూ దాకా ఒప్పుకుంటాను. దుంగ సంగతి ఇంకా ఒప్పుకోలేదు.

ఆ ఆదివారం పాయింట్ కుక్ నుంచి ఫోన్ వచ్చింది. స్పీకర్. మళ్లీ ఇంటినిండా జనం, అందరూ మెలకువగా. ఈసారి జన ఉందా అన్నయ్యగారూ అని వియ్యపురాలు అడిగారు. వెనక మా అమ్మాయి ఊపిరి బిగబట్టడం నాకు తెలిసింది. నా భార్య గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

నోరు మూసుకున్నాను. మగ జెల్లలా, గట్టిగా. రెండు నిమిషాల పాటు ఒక్క మాట కూడా బయటికి రానివ్వలేదు.

ఒక నిమిషం.